ఐదు తప్పుల సినిమా

సినిమా తీయడానికి ఇప్పుడు కెమెరా అక్కర్లేదు, కథ అక్కర్లేదు, బుర్ర అసలే అక్కర్లేదు. కావాల్సిందల్లా ఐదు తప్పులు! అవి చేతిలో ఉంటే యాభైకి నలభై ఏడు మార్కులు ఎక్కడికీ పోవు.

నమ్మరా? నేనూ నమ్మలేదు. మా మేనకోడలికి కాలేజీలో ఇచ్చిన కాగితం కళ్లారా చూశాక గాని నాకూ జ్ఞానోదయం కాలేదు. ఇంత గొప్ప చదువు మన రోజుల్లో లేకపోయిందే అని ఆ రోజంతా కుమిలిపోయాను.

ఆ కాగితంలో ఏముందంటే, ప్రతి విద్యార్థీ ఒంటరిగా ఒక షార్ట్ ఫిలిం తీయాలి. నాలుగు నిమిషాలు దాటకూడదు. ఎవరి సాయమూ తీసుకోకూడదు. తీశాక తన సినిమాను తనే పరీక్షించుకుని, సెల్ఫ్ ఎవాల్యుయేషన్ ఫారం నింపాలి. సినిమాకు పదిహేను మార్కులు. ఫారానికి ముప్పై ఐదు!

ఇక ఫారం సంగతి. 'నా సినిమాలోని లోపాలు' అని ఐదు గళ్లు. లైటింగ్, సౌండ్, ఫ్రేమ్, ఎడిటింగ్, నటన. ఒక్కో గడికి ఆరు మార్కులు. లోపం ఏమిటి, ఎన్నో నిమిషంలో ఉంది, ఎందుకు జరిగింది, దానివల్ల ఏం నేర్చుకున్నాను అన్నీ విడివిడిగా రాయాలి. అట్టడుగున 'నా సినిమాలో బాగున్నవి' అని పీనాసిగా ఒకే ఒక్క గడి. దానికి ఐదు మార్కులు.

అర్థమైందా? బాగా తీసినవాడికన్నా తన సినిమాను బాగా తిట్టుకున్నవాడికి ఎక్కువ మార్కులు. ఇంతకన్నా వినయం నేర్పే చదువు ఇంకెక్కడైనా ఉంటుందా?

పూర్వం ఆడలేక మద్దెల ఓడంటే నలుగురూ నవ్వేవారు. ఇప్పుడు నవ్వరు. మద్దెల ఎక్కడ ఓడో, ఎన్నో నిమిషంలో ఓడో, ఓటి మద్దెల వల్ల తనకు కలిగిన కనువిప్పేమిటో రాసిస్తే ఆరు మార్కులు వేసి భుజం తడతారు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు చూడండి, అదే మన జాతిని పాడుచేసిన జబ్బు. ఆ కాకిని కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి పెన్నిచ్చి, పిల్ల ముక్కు వంకర, గొంతు బొంగురు, రెక్కలు పొట్టి అని రాయించే దాకా వదలదు ఈ కొత్త చదువు.

మా మేనకోడలి క్లాసులో ఒకడున్నాడట. రికార్డు బటన్ ఎప్పుడు నొక్కాలో అప్పుడు ఆపాడు, ఎప్పుడు ఆపాలో అప్పుడు నొక్కాడు. ఫలితంగా తీయాల్సిన సీన్లేవీ పడలేదు, సీనుకూ సీనుకూ మధ్య వాడు నడిచిన నడకంతా పడింది. మూడున్నర నిమిషాల పాటు వాడి చెప్పులు, వాడి నీడ, మధ్యలో ఓ పక్కింటి గేటు. మామూలు ప్రపంచంలో అయితే వాణ్ని ఏమనేవారో మీకు చెప్పక్కర్లేదు. ఇక్కడ వాడు తొమ్మిది లోపాలు రాశాడు. గళ్లు చాలక అదనపు కాగితం అడిగాడు! ముప్పై ఐదుకు ముప్పై ఐదు. ఆ రోజు నుంచీ క్లాసులో అందరూ వాడి దగ్గర సలహాలు తీసుకుంటున్నారు.

నన్నడిగితే ఈ పద్ధతి కాలేజీతో ఆగకూడదు. క్షౌరశాలకు వెళ్లారనుకోండి. మంగలి మీ ఎడమ చెవి పక్కన ఓ గుంట పెట్టాడు. మీరు లబలబలాడకూడదు. అతను అద్దం ముందు నిలబడి, "ఎడమ వైపు నా ఏకాగ్రత లోపించింది, కారణం రేడియో, నేర్చుకున్నది సహనం" అని రాసి సంతకం పెడతాడు. మీరు లేచి చప్పట్లు కొట్టాలి. ప్లంబరు వచ్చి వెళ్లాక కుళాయి ఇంకా కారుతూనే ఉందా? కారనివ్వండి. మనిషి మాత్రం లోపల ఎంతో ఎదిగాడు కదా!

ఆత్మనిందలో నేను కొత్తవాణ్ని కాను. మా ఆఫీసులో ఏటా ఒక ఫారం ఇస్తారు. అందులో 'మీలోని లోపాలు' అని ఓ గడి ఉంటుంది. పందొమ్మిదేళ్లుగా నేను అందులో ఒకే వాక్యం రాస్తున్నాను: పనిలో పడితే ఒళ్లు తెలియకపోవడం. పందొమ్మిదేళ్లుగా మా ఆఫీసరు దాని కింద సంతకం పెడుతున్నాడు. ఒళ్లు తెలియనిది ఎవరికో మాకిద్దరికీ తెలుసు, అయినా పైకి అనుకోం.

అందుకే మా అక్క ఫోన్ చేసి, పిల్లకు ఫారం నింపడం రావట్లేదట, ఓసారి వచ్చిపోరా అంటే ఎగిరి గంతేశాను. ఎవరి సాయమూ తీసుకోలేదని ఫారం వెనక పెద్దవాళ్లు సంతకం చేయాలట. ఆ సంతకానికి కూడా నేనే ఉంటానన్నాను.

వెళ్లేసరికి పిల్ల గుమ్మంలోనే ఉంది. నలభై మార్కులు దాటితేనే వచ్చే ఏడాది ఫిలిం క్లాసులో సీటు. అవీ పన్నెండే సీట్లు. దాటకపోతే ఆఫీస్ కరస్పాండెన్స్ క్లాసులో కూర్చోవాలి. "అందులో నా లాంటి మహామహులు తయారవుతారే" అన్నాను. పిల్ల నవ్వలేదు. ఆరో క్లాసు నుంచీ దానికి సినిమా తప్ప వేరే ధ్యాస లేదు, పాపం.

ముందు సినిమా చూపించమన్నాను.

మా బావ సిటీ బస్సు డ్రైవరు. ఇరవై నాలుగేళ్ల సర్వీసు. ఇంట్లో టీవీ ఎదురుగా ఆయనకో చేతుల కుర్చీ ఉంది. డ్యూటీ నుంచి రాగానే అందులో కూలబడతాడు. సినిమా అంతా ఆ కుర్చీయే. ఇంకా చెప్పాలంటే మా బావ కుడి కాలు.

టీవీలో ఓ పిల్లవాడు రోడ్డుకు అడ్డంగా పరిగెడతాడు. బావ కుడి పాదం ముందుకు జారి నేలను గట్టిగా నొక్కుతుంది. అక్క మాటల్లో పడి గ్లాసును బల్ల అంచున పెడుతుంది. పాదం నొక్కుతుంది. బావ కుర్చీలోనే కునుకు తీస్తుంటాడు, వీధిలో ఎవరో హారన్ కొడతారు. కళ్లు తెరుచుకోవు గాని, పాదం మాత్రం నొక్కుతుంది. అక్కడ నేల మీద పరిచిన పట్టా ఓ అరచేయంత మేర అరిగిపోయి ఉంది. అది కూడా చూపించింది పిల్ల.

చివరి సీనులో పిల్లే ఫోన్‌ను ఓ మూల నిలబెట్టి, మేడ మెట్ల మీద నుంచి దడదడా దిగుతుంది. మనకు పిల్ల కనపడదు, అడుగుల చప్పుడే వినపడుతుంది. పేపరు చదువుకుంటున్న మా బావ తల కూడా ఎత్తడు. కాలు మాత్రం బ్రేకు వేస్తుంది. అంతే సినిమా. మూడు నిమిషాల పది సెకన్లు. ఒక్క మాట లేదు.

ఆ ఇంటికి ఇరవై ఏళ్లుగా వస్తూ పోతూ ఉన్నాను. ఆ కుర్చీ పక్కనే కూర్చుని బావతో వెయ్యి కబుర్లు చెప్పాను. ఆ కాలిని నేనెప్పుడూ చూడలేదు.

మాతో పాటు బావ కూడా అప్పుడే మొదటిసారి చూశాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. రెండోసారి చూస్తూ వంగి, కుడి మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఇదంతా ఎప్పుడు చూశావమ్మా నువ్వు?"

"చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను నాన్నా."

బావ లేచి వెళ్లి మొహం కడుక్కొచ్చాడు.

ఇక్కడే పాఠకులారా, అసలు చిక్కు వచ్చి పడింది. ఇలాంటి సినిమాలో ఐదు తప్పులు ఎక్కణ్ణుంచి తేవాలి? పిల్ల నింపిన ఫారం చూస్తే నా గుండె జారిపోయింది. ఐదు గళ్లనూ కలిపేసి, అడ్డంగా ఒకే వాక్యం రాసింది: నేను అనుకున్నది అనుకున్నట్టు వచ్చింది.

ఎంత పొగరు! పోనీ పొగరు కాదు, నిజమే అనుకుందాం. నిజానికి ఎన్ని మార్కులు? లెక్క వేసి చూపించాను. సినిమాకు పదిహేనుకు పదిహేనూ వేసినా, బాగున్నవాటికి ఐదుకు ఐదూ వేసినా మొత్తం ఇరవై. ఆఫీస్ కరస్పాండెన్స్ క్లాసులో మొదటి బెంచీ ఖాయం.

వెంటనే కుటుంబమంతా కమిటీగా ఏర్పడ్డాం. కోడిగుడ్డుకు ఈకలు పీకే పనిలో పడ్డాం. కర్టెన్ ఉతకలేదని అక్క ఒక లోపం చెప్పింది. తన కాలు అంత లావుగా ఉండదని బావ ఇంకోటి చెప్పాడు. మడమల పగుళ్లు కనిపిస్తున్నాయని నేనన్నాను. ఇవేవీ ఫారంలోని గళ్లలో ఇమడవని పిల్ల తేల్చేసింది. లైటింగ్ లోపం కావాలి, సౌండ్ లోపం కావాలి. మడమ లోపానికి గడి లేదు.

అప్పుడు నాకొచ్చింది ఆలోచన. పందొమ్మిదేళ్ల అనుభవం ఊరికే పోతుందా? తప్పులు దొరకనప్పుడు ఏం చేయాలి? చేయాలి!

మళ్లీ తీద్దామన్నాను. ఈసారి ముందే ఐదు తప్పులూ కాగితం మీద రాసుకుని, వాటిని దగ్గరుండి అమర్చి మరీ తీద్దామన్నాను.

"మామయ్యా, బాగున్నదాన్ని బాగుందంటే మేడం ఒప్పుకోరా?"

"ఎందుకు ఒప్పుకోరూ? ఐదు మార్కులకు ఒప్పుకుంటారు" అన్నాను.

తప్పులు చేయడం తేలికని ఎవరన్నారో గాని, వాళ్లు ఎప్పుడూ పనిగట్టుకుని చేసి ఉండరు. లైటింగ్ లోపం కోసం బావ వెనక కిటికీ బార్లా తెరిచాను. మొహం బొగ్గయిపోయింది. సౌండ్ లోపం బాధ్యత అక్క తీసుకుంది. వంటింట్లో ఖాళీ మిక్సీ తిప్పుతూ నిలబడింది. ఫ్రేమ్ కోసం ఫోన్ కింద ఒకవైపే పుస్తకం పెట్టాను. కుర్చీ, టీవీ, బావ అన్నీ ఎడమకు ఒరిగిపోయి, ఇల్లు మునిగిపోతున్నట్టు కనిపించింది. ఎడిటింగ్‌లో గ్లాసు సీను రెండుసార్లు అతికించమన్నాను. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు తలా ఒక తప్పు పంచుకున్నాం. ఎవరి సాయమూ తీసుకోలేదన్న సంతకం కూడా అందరం కలిసే పెట్టాం.

మిగిలింది నటన లోపం. దానికి మేమేం కష్టపడక్కర్లేకపోయింది. తన కాలు సినిమాలో పడిందని తెలిసిన క్షణం నుంచీ బావ మనిషే మారిపోయాడు. పాదం సబ్బుతో రుద్ది కడుక్కుని, డ్యూటీ బూట్లకు పాలిష్ పెట్టి మరీ వేసుకొచ్చాడు. అక్క గ్లాసు ఇంకా పట్టుకోకముందే బ్రేకు వేశాడు. హారన్ మోగితే ముందు ఫోన్ వంక చూసి, "ఇప్పుడేనా?" అని అడిగి, తరువాత నొక్కాడు. నిద్ర సీనులో అయితే కళ్లు మూసుకుని నవ్వాడు. ఆరుకు ఆరూ వచ్చేలా చెడగొట్టాడు మా బావ!

వినాయకుణ్ని చేయబోతే కోతి అయిందని సామెత. మేం కోతినే చేయబోయాం, కోతే అయింది. కార్యసాధన అంటే అదీ.

రెండు సినిమాలు ఒకే ఫోన్‌లో ఉంటే ప్రమాదమని కూడా నాకే తోచింది. రెండింటి పేరూ 'బ్రేక్' అనే ఉంది. కంగారులో పిల్ల పొరపాటున మంచిది పంపిస్తే? ఇన్ని తప్పులూ దండగ కదా! పైగా ఫోన్‌లో చోటు కూడా లేదు. మొదటిదాన్ని, దాని తాలూకు ముక్కలన్నిటినీ నా వేలితోనే డిలీట్ చేశాను. నిజంగా తీసేయాలా అని ఫోన్ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నాను.

తరువాత ఫారం. నేను చెప్తుంటే పిల్ల రాసింది. "వెలుగు వెనక నుంచి రావడం వల్ల నలభై రెండో సెకను నుంచి పాత్ర ముఖం కనిపించలేదు. కారణం, నా అవగాహనా లోపం." ఐదు గళ్లలో నాలుగింటికి అవగాహనా లోపమే కారణం. ఐదోదానికి మార్పు ఉంటే బాగుంటుందని అనుభవరాహిత్యం వేయించాను. అక్షరాలు ఎంత గుండ్రంగా రాసిందో!

ఫలితం ముందే చెప్పాను కదా. సినిమాకు పన్నెండు, ఫారానికి ముప్పై ఐదుకు ముప్పై ఐదు. సీటు వచ్చింది. ఫారం కింద మేడం ఎర్ర సిరాతో ఒక మాట కూడా రాశారట: "తన లోపాలను తాను నిజాయితీగా గుర్తించగలిగిన విద్యార్థిని. ముందుముందు మంచి సినిమా తీయగలదు." ఆ ఫారాన్ని కాలేజీ నోటీసు బోర్డులో ఆదర్శంగా అంటించారు. జిరాక్స్ తీసుకోవడానికి పిల్లలు క్యూ కట్టారట. సినిమా చూపించమని మాత్రం ఎవరూ అడగలేదు.

అడిగింది ఒక్క బావే. ఆదివారం నేను వెళ్లేసరికి బట్టలు మార్చుకుని తయారుగా ఉన్నాడు. డిపోలో తోటి డ్రైవర్లకు ఆ సినిమా సంగతి చెప్పాడట. నమ్మకపోతే చూపిస్తానని పందెం కూడా కాశాడట. వాళ్లలో ఒకాయన తన కాలు కూడా అలాగే చేస్తుందేమో ఇంటికెళ్లి భార్యను అడగాలన్నాడట. ఆ మాట చెప్తూ బావ మొహం వెలిగిపోయింది. ఫోన్ పిల్ల చేతికిచ్చాడు.

"ఆ మొదటిది పెట్టివ్వమ్మా. నేను బూట్లు వేసుకోనిది."

పిల్ల నా వంక చూసింది. నేను కర్టెన్ వంక చూశాను. అక్క ఉతికేసింది దాన్ని, బాగుంది.

విషయం తెలిశాక బావ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. పోనీలే, మళ్లీ తీస్తే పోలా అని తనే వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి ఫోన్ వంక చూడనన్నాడు. బూట్లు విప్పేశాడు. పేపరు అడ్డం పెట్టుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను కిటికీ మూసి, పుస్తకం తీసేసి, ఫోన్‌ను తిన్నగా నిలబెట్టాను. అక్క వచ్చి గ్లాసును బల్ల అంచున పెట్టింది. ఇదివరకటికన్నా ఇంకొంచెం చివరగా పెట్టింది.

గ్లాసు కింద పడి పగిలింది. కాలు కదల్లేదు.

ఇంకో రెండుసార్లు ప్రయత్నించాం. హారన్ కోసం నేను కిందకి దిగి ఎవరిదో స్కూటర్ అరువడిగాను. పిల్ల మెట్లు దిగింది, ఎక్కింది, మళ్లీ దిగింది. బావ కాలు నేల మీద బుద్ధిగా, బెరుగ్గా, ఎవరింటికో మొదటిసారి వచ్చినట్టు కూర్చుంది. బస్సులో అయితే బ్రేకు బానే వేస్తోంది, ఇంట్లోనే మర్చిపోయిందని బావ నవ్వుతూ చెప్పాడు. ఆయన నవ్వాడని మేమూ నవ్వాం. ఆ రోజు నేను భోజనానికి ఉండలేదు.

అయినా నేను నా వాదన వదలను. లాభనష్టాలు బేరీజు వేసి చూడండి. పోయింది మూడు నిమిషాల పది సెకన్లు. వచ్చింది సీటు. మా మేనకోడలు ఇప్పుడు ఫిలిం క్లాసులో ముందు వరుసలో కూర్చుంటోంది. మేడంకు దాని మీద చాలా గురి ఉందట.

మొన్న రెండో అసైన్‌మెంట్ ఇచ్చారు. మళ్లీ ఒంటరిగానే తీయాలి, ఈసారి ఐదు నిమిషాలు. అక్క ఫోన్ చేయకపోయినా వెళ్లాను. పిల్ల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఫోన్ చార్జింగ్‌లో ఎక్కడో ఉంది. ముందర ఖాళీ ఫారం, చేతిలో పెన్ను. నన్ను చూడగానే పక్కకు జరిగి చోటిచ్చింది.

"సినిమా దేని మీదే?" అన్నాను.

"అది ఇంకా అనుకోలేదు మామయ్యా. ముందు ఐదు తప్పులు చెప్పు. వాటికి తగ్గట్టు ఏదో ఒకటి తీసేస్తాను."

చదువు ఒంటబట్టడం అంటే ఇదే కదా! నాకు సంతోషం కలగాలి. పందొమ్మిదేళ్లకు నాకో వారసురాలు దొరికింది. పెన్ను పట్టుకుని, నేను ఎప్పుడు మొదలుపెడతానా అని కాగితం మీదే కళ్లు పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా కుర్చీలో వాళ్ల నాన్న ఉన్నాడు. నేను అక్కడున్న గంటన్నర సేపట్లో పిల్ల ఒక్కసారి కూడా అటు చూడలేదు.